తొలి బోర్డు ఏది? పొడుగుదా, పొట్టిదా?



ఈ పూట విండ్‌సర్ఫింగ్ అనే ఆట గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. నీటి మీద తేలే ఒక పలక, దాని మీద నిలబడే కొయ్య, కొయ్యకి కట్టిన తెరచాప, ఆ తెరచాపని రెండు చేతులా పట్టుకున్న మనిషి. ఇంతే సరంజామా. ఇంజను లేదు, తెడ్డు లేదు, చుక్కాని అసలే లేదు. 1984 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న ఆట ఇది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశం తరఫున ఇబాద్ అలీ ఇందులో కాంస్య పతకం గెలిచాడు.

నేర్చుకుందామని సరదా పడేవాళ్లకి మొట్టమొదట ఎదురయ్యే చిక్కు బోర్డు దగ్గరే. లాంగ్‌బోర్డు తీసుకోవాలా, షార్ట్‌బోర్డు తీసుకోవాలా? "పొడుగుదే మంచిది, ఊరికే పడిపోవు" అంటారు ఒకరు. "ఎలాగూ రేపు పొట్టిదాని మీదికే వెళ్తావు కదా, ఆ నేర్చుకునేదేదో మొదటినుంచీ దాని మీదే నేర్చుకో" అంటారు ఇంకొకరు. ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. నా మాట ముందే చెప్పేస్తాను. తొలి బోర్డు పెద్దదే కావాలి. కాకపోతే ఆ పెద్దతనాన్ని పొడవుతో కొలవకండి. లీటర్లతో కొలవండి, వెడల్పుతో కొలవండి, అడుగున డాగర్‌బోర్డు అనే రెక్క ఉందో లేదో చూడండి. రెండో బోర్డు సంగతి మాత్రం మీ ఊరి గాలిని బట్టి తేల్చుకోండి.

అసలీ పొడుగు, పొట్టి అనే తగాదా ఎక్కణ్ణించి వచ్చిందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. 1965లో అమెరికాలో న్యూమన్ డార్బీ అనే ఆయన పలకకి తెరచాప పెట్టి నడిపే విధానం గురించి పాపులర్ సైన్స్ పత్రికలో రాశాడు. రెండేళ్లకి కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్ అనే విమానాల ఇంజనీరు, ఆయన స్నేహితుడు హోయల్ ష్వైట్జర్ కలిసి ఇప్పుడు మనం చూసే రూపం తెచ్చారు. కొయ్యని బోర్డుకి కదలకుండా బిగించెయ్యకుండా, ఎటు కావాలంటే అటు వాలేలా ఒక కీలు మీద నిలబెట్టారు. దాన్ని యూనివర్సల్ జాయింట్ అంటారు. అలాంటి ఆలోచన అంతకుముందు వేరేవాళ్లకీ వచ్చింది కానీ, దేశదేశాలకీ పాకింది మాత్రం వీళ్ల బోర్డే. 1968లో పేటెంటుకి దరఖాస్తు పెట్టారు, 1970లో వచ్చింది. ఆ బోర్డు పేరు విండ్‌సర్ఫర్. పొడవు 12 అడుగులు. 1970లలో యూరప్ సరస్సుల మీద ఇలాంటివే తిరిగాయి. అప్పట్లో లాంగ్‌బోర్డు అని ప్రత్యేకంగా చెప్పుకోవలసిన పనే లేదు, ఉన్నవన్నీ పొడుగువే కనక.

తర్వాతి కథ హవాయి దీవుల్లో. అక్కడ గాలీ ఎక్కువే, అలలూ ఎక్కువే. అల మీంచి ఎగిరినప్పుడు కాళ్ల కింద బోర్డు జారిపోయేది. 1970ల చివర్లో కైలువా తీరంలోని కుర్రాళ్లు బోర్డుకి పాదాల పట్టీలు బిగించారు. ఆ పట్టు దొరికాక, అంత గాలిలో అంత పొడుగు బోర్డు ఎందుకన్న ప్రశ్న వచ్చింది. పన్నెండడుగులది తొమ్మిదైంది, తర్వాత ఎనిమిదైంది. షార్ట్‌బోర్డు పుట్టింది. ఆ కైలువా కుర్రాళ్లలో పేరున్నవాడు రాబీ నాయిష్. అతను 1976లో తన పదమూడో ఏట ప్రపంచ విజేత అయ్యాడు. గెలిచింది ఏ బోర్డు మీద అనుకుంటున్నారు? పన్నెండడుగుల విండ్‌సర్ఫర్ మీద. పొట్టి బోర్డుల మొనగాడికి కూడా పునాది పొడుగు బోర్డు మీదే పడింది.

1980లలో పత్రికల అట్టల మీద బొమ్మలన్నీ హవాయివే. అవి చూసి జనం పొట్టి బోర్డులు కొన్నారు. హవాయి గాలి మాత్రం బోర్డుతోపాటు రాలేదు. గాలి తక్కువ ఉండే ఊళ్లలో వాటిని కొన్నవాళ్లు ఒడ్డున కూర్చుని గాలి కోసం ఎదురుచూశారు, కొన్నాళ్లకి ఆటే మానేశారు. ఈ ఆటకి మునుపటి ఊపు తగ్గడానికి అదీ ఒక కారణమని పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

1990ల చివరికి మూడో దారి కనిపించింది. బోర్డు పొడవు తగ్గించి, వెడల్పు పెంచారు. ఈ మార్పు ఒలింపిక్ బోర్డుల్లో చక్కగా కనిపిస్తుంది. 1992 బార్సిలోనాలో వాడిన లెక్నర్ బోర్డు పొడవు 390 సెంటీమీటర్లు. 1996 నుంచి 2004 దాకా వాడిన మిస్ట్రల్ పొడవు 372, వెడల్పు 63. 2008లో వచ్చిన ఆర్ఎస్ఎక్స్ పొడవు 286కి దిగింది, వెడల్పు 93కి పెరిగింది. 2024 ఒలింపిక్స్‌లో వాడిన ఐక్యూఫాయిల్ పొడవు 220, వెడల్పు 95. అంటే 1992 నుంచి 2024కి వచ్చేసరికి పొడవు సగానికి దగ్గరగా వచ్చింది, వెడల్పు మిస్ట్రల్‌కి ఒకటిన్నర రెట్లయింది. ఇప్పుడు శిక్షణ కేంద్రాల్లో కొత్తవాళ్లకి ఇచ్చే బోర్డులు కూడా చాలావరకు ఇలా వెడల్పుగా ఉండేవే. పొడవు ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర అడుగుల మధ్య ఉంటుంది. వెడల్పు 80 నుంచి 100 సెంటీమీటర్లు.

ఇక కొత్తవాళ్ల అవస్థలకి వద్దాం. మొదటి రోజు జరిగేది ఇది. తెరచాప నీళ్లలో పడి ఉంటుంది. మీరు బోర్డు ఎక్కి, కొయ్య మొదలుకి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడతారు. గాలి వీపుకి తగలాలి. మోకాళ్లు కొద్దిగా వంచి, నడుం నిటారుగా ఉంచి, కొయ్యకి కట్టిన తాడు పట్టుకుని వెనక్కి వాలతారు. దీన్ని అప్‌హాల్ అంటారు. చేతుల బలంతో గుంజితే నాలుగైదు సార్లకే నడుం పట్టేస్తుంది. ఒంటి బరువుతో వాలితే తెరచాప దానంతటదే లేస్తుంది. మొదట కదలనే కదలదు. దాని మీద నిలిచిన నీళ్లు పక్కకి జారుతున్నకొద్దీ తేలికవుతుంది, ఆఖర్న ఒక్కసారిగా తేలిపోతుంది. కొత్తవాళ్లు వెల్లకిలా పడేది సరిగ్గా ఆ క్షణంలోనే. పడటం, ఎక్కడం, మళ్లీ లాగడం. మొదటి రోజు పాఠం చాలావరకు ఇదే.

ఇదంతా జరుగుతున్నంతసేపూ కాళ్ల కింద బోర్డు మునగకుండా ఉండాలి. ఇక్కడే లీటర్ల లెక్క వస్తుంది. బోర్డు ఎన్ని లీటర్ల పరిమాణం ఉంటే దాదాపు అన్ని కిలోలు మోస్తుంది. మీ బరువు 70 కిలోలనుకోండి. బోర్డు బరువు ఒక పన్నెండు, తెరచాప, కొయ్య, చేతులతో పట్టుకునే బూమ్ కలిపి మరో ఎనిమిది. మొత్తం 90. అంటే 90 లీటర్ల బోర్డు మిమ్మల్ని నీటి మట్టానికి సరిగ్గా మోస్తుందే తప్ప, పైకి తేల్చదు. ఒక కాలు అటు ఇటు పడితే ఆ పక్క మునుగుతుంది. కొత్తవాళ్లకి దీనికి రెట్టింపు కావాలి. 70 కిలోల మనిషికి 180 నుంచి 200 లీటర్లు ఉంటే నిశ్చింతగా నిలబడగలడు. ఉప్పునీరు మంచినీటికన్నా కాస్త ఎక్కువ మోస్తుంది. 200 లీటర్ల బోర్డుకి ఆ తేడా ఐదు కిలోలు. చెరువులో నేర్చుకునేవాళ్లు ఇంకొంచెం పెద్దది తీసుకున్నా నష్టం లేదు.

షార్ట్‌బోర్డు సంగతి చూడండి. ఎనిమిది అడుగులలోపు పొడవు, 60 సెంటీమీటర్ల అటూ ఇటూ వెడల్పు, 80 నుంచి 110 లీటర్లు. అందులో చిన్నవాటి మీద 70 కిలోల మనిషి నిలబడి తాడు లాగితే బోర్డు నీళ్లలోకి దిగిపోతుంది. మరి దాని మీద తిరిగేవాళ్లు ఎలా ఎక్కుతున్నారు? నీళ్లలో వెల్లకిలా తేలుతూ, తెరచాపని కొద్దిగా పైకెత్తి, గాలి దాన్ని పట్టుకోగానే దానితోపాటే బోర్డు మీదికి లేస్తారు. దాన్ని వాటర్‌స్టార్ట్ అంటారు. అది రావాలంటే తెరచాప గాలిని ఎలా పట్టుకుంటుందో చేతులకి ముందే తెలిసి ఉండాలి. పైగా గట్టి గాలి ఉండాలి. షార్ట్‌బోర్డు కదలకపోతే నిలబడని సైకిల్ లాంటిది. తొక్కడం వచ్చినవాడికి హాయి, రానివాడికి మోకాలి చిప్పలు పగలడమే గతి.

ఇప్పుడు డాగర్‌బోర్డు. ఇది బోర్డు మధ్యలో ఉన్న చీలికలోంచి కిందికి దిగే పెద్ద రెక్క. కాలితో తోసి దించుకోవచ్చు, మళ్లీ పైకి ముడవచ్చు. తెరచాపలో గాలి నిండగానే బోర్డు ముందుకే పోదు, పక్కకి కూడా జారుతుంది. ఆ జారుడుని ఆపేది ఈ రెక్క. షార్ట్‌బోర్డుకి ఇది ఉండదు, తోక కింద చిన్న ఫిన్ మాత్రమే ఉంటుంది. వేగం అందుకున్నాక ఫిన్ బాగానే పట్టు ఇస్తుంది. మెల్లగా పోయేటప్పుడు ఆ చిన్న ముక్క దేనికీ ఆనదు. కొత్తవాడు ఎప్పుడూ మెల్లగానే పోతాడు కదా. అందుకని డాగర్‌బోర్డు లేని బోర్డు మీద గంటసేపు తంటాలు పడి చూస్తే, బయల్దేరిన చోటు ఎక్కడో దూరంగా కనిపిస్తుంది. తెరచాప భుజాన వేసుకుని, బోర్డు ఈడ్చుకుంటూ ఒడ్డు వెంట నడిచి రావాలి. డాగర్‌బోర్డు దించుకున్నవాడు గాలికి ఎదురుగా ఏటవాలుగా అటొకసారి ఇటొకసారి పోతూ, బయల్దేరిన చోటికే తిరిగి చేరతాడు. నేర్చుకునే దశలో దీన్ని మించిన సుఖం లేదు.

పొడవుకి అసలు విలువే లేదా అంటే, ఉంది. నీటిని చీల్చుకుంటూ పోయే దేనికైనా దాని పొడవుని బట్టి వేగానికో హద్దు ఉంటుంది. పన్నెండడుగుల బోర్డుకి ఆ హద్దు గంటకి ఎనిమిదిన్నర కిలోమీటర్లు, ఎనిమిదడుగుల దానికి ఏడు. ఆ హద్దు దాటాలంటే బోర్డు నీటిని చీల్చడం మాని, నీటి మీదికి లేచి జారాలి. దాన్ని ప్లేనింగ్ అంటారు. షార్ట్‌బోర్డు పుట్టిందే ప్లేనింగ్ కోసం. మామూలు సైజు తెరచాపతో దానికి కనీసం 15 నాట్ల గాలి కావాలి, అంటే గంటకి 28 కిలోమీటర్లు. అంతకన్నా తక్కువ గాలిలో అది బరువుగా, మొండిగా ఉంటుంది. లాంగ్‌బోర్డుకి ఐదారు నాట్లు చాలు. సాగిపోతుంది, తిన్నగా పోతుంది, గాలి ఒక క్షణం తగ్గినా ఆగిపోదు.

అలాగని పొడుగువన్నీ తేలిక అనుకునేరు. 1980లలో పందేల కోసం చేసిన కొన్ని లాంగ్‌బోర్డులకి అడుగు గుండ్రంగా ఉండేది. పొడవు పన్నెండడుగులు దాటేది, మోసే శక్తీ ఉండేది, అయినా కాలు పెట్టగానే దొర్లేవి. అలాంటిది పాత సామాన్లలో చవగ్గా దొరికిందని కొన్న కొత్తవాడు, తనకి ఈ ఆట రాదని తీర్మానించేసుకుంటాడు. తప్పు అతనిది కాదు, బోర్డుది. పక్కకి ఒరగకుండా కాసేది వెడల్పు, తిన్నగా నడిపేది పొడవు, మునగకుండా మోసేది పరిమాణం. కొత్తవాడికి ముందు కావలసినది మొదటిది, చివరిది.

మలుపు తిప్పడం కూడా రెంటికీ ఒక్కలా ఉండదు. చుక్కాని లేదన్నాను కదా. మెల్లగా పోయేటప్పుడు తెరచాపే చుక్కాని. కొయ్యని ముందుకి వాలిస్తే ముక్కు గాలికి దూరంగా తిరుగుతుంది, వెనక్కి వాలిస్తే గాలి వైపు తిరుగుతుంది. ఇది లాంగ్‌బోర్డు మీద స్పష్టంగా, తీరుబడిగా తెలుస్తుంది. షార్ట్‌బోర్డు వేగంలో ఉన్నప్పుడు తిప్పేవి కాళ్లు. ఏ అంచు మీద బరువు వేస్తే అటు తిరుగుతుంది. మొదటి పాఠం రాకుండా రెండోది ఎక్కదు. తెరచాపతో ముక్కు తిప్పడం వచ్చినవాడు, ఏ బోర్డు ఇచ్చినా ఒడ్డుకి తిరిగి రాగలడు.

ఇక రెండో బోర్డు, అంటే మీ ఊరి గాలి సంగతి. కొలిచే పరికరం లేకపోయినా పర్వాలేదు. చెట్టు ఆకులు, చిన్న కొమ్మలు ఆగకుండా కదులుతూ, పలచటి జెండా విప్పుకుని ఎగురుతుంటే ఏడు నుంచి పది నాట్లు. దుమ్ము, కాగితం ముక్కలు లేస్తూ, నీటి మీద తరచుగా తెల్ల నురగ కనిపిస్తుంటే పదకొండు నుంచి పదహారు. మీరు ఆడబోయే చోట ఆ తెల్ల నురగ ఏడాదిలో ఎన్నాళ్లు కనిపిస్తుందో గమనించండి. అరుదుగా కనిపిస్తే మీకు నేస్తం లాంగ్‌బోర్డే. నేర్చుకునేటప్పుడే కాదు, ఎన్నేళ్లయినా. పన్నెండడుగుల పాత విండ్‌సర్ఫర్ ఎల్‌టీ అనే కొత్త పేరుతో, 15 కిలోల బరువుతో మళ్లీ తయారై, ప్రపంచవ్యాప్తంగా పోటీలు జరుపుకుంటున్నదీ ఇందుకే. రోజూ మధ్యాహ్నం తెల్ల నురగ లేచే చోట, ఉదాహరణకి వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కో బే ఒడ్డున ఉండే మన తెలుగువాళ్లకైతే, అప్‌హాల్, మలుపులు, తెరచాప లాగుడుని ఒంటి బరువుతో కాచుకునే హార్నెస్ పట్టీ వాడకం వచ్చాక షార్ట్‌బోర్డుకి వెళ్లడం అర్థమున్న పని. అక్కడికి కూడా ఒకేసారి కాకుండా, 130, 140 లీటర్ల మీదుగా మెట్టు మెట్టుగా దిగాలి.

మన దగ్గర హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవలు ఎప్పణ్ణించో నడుస్తున్నాయి. వానాకాలం గాలులున్నప్పుడు అక్కడ పోటీలు జరుగుతాయి. నిలకడ నీరు, చుట్టూ ఒడ్డు. నేర్చుకునేవాళ్లకి ఇలాంటి చోటే కావాలి. మన సముద్రతీరం విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. మన తీరం తూర్పు ముఖంగా ఉంది. జూన్, జూలై నెలల్లో వీచే పడమటి గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. ఒడ్డున నిలబడి చూస్తే నీళ్లు నునుపుగా, భయం లేనట్టు కనిపిస్తాయి. కొంచెం లోపలికి వెళ్లేసరికి గాలి ముదురుతుంది, తెరచాప లేపలేకపోయినవాణ్ణి తిన్నగా నడిసముద్రానికి తోస్తుంది. అలాంటి రోజు కొత్తవాళ్లు నీళ్లలోకి దిగకూడదు, బోర్డు పొడుగుదైనా పొట్టిదైనా సరే. సముద్రం మీంచి ఒడ్డుకి, లేదా ఒడ్డు వెంబడి వీచే గాలి ఉండాలి. ఒడ్డున విరిగే అలల హోరు, లోపలికి లాగే ప్రవాహాలు ఉన్న చోటు కూడా పనికిరాదు. లైఫ్ జాకెట్ లేకుండా వెళ్లకండి. ఏం జరిగినా బోర్డుని వదిలి ఈదబోకండి. 200 లీటర్ల బోర్డుని మించిన ఆధారం నీళ్లలో మీకు దొరకదు.

చివరగా కొనే విషయం. మొదటి బోర్డు కొనకండి. శిక్షణ ఇచ్చే చోట అద్దెకి తీసుకోండి. పెద్ద, వెడల్పు బోర్డు అవసరం మీకు ఎన్నాళ్లో ఉండదు, ఆ తర్వాత అది ఇంట్లో గోడ వారన నిలబడిపోతుంది. పన్నెండడుగుల బోర్డు అపార్ట్‌మెంటు లిఫ్టులో పట్టదని కూడా గుర్తుంచుకోండి. పాతది కొనవలసి వస్తే కొన్ని చూసుకోండి. ఎత్తి చూడండి, దాని మీద రాసిన బరువుకన్నా బాగా ఎక్కువుంటే లోపల నీళ్లు చేరినట్టే. పైభాగాన్ని, ముఖ్యంగా నిలబడే చోట, బొటనవేలితో నొక్కండి, మెత్తగా దిగితే పొర ఊడింది. యూనివర్సల్ జాయింట్ రబ్బరుని వంచి చూడండి, చీలికలు కనిపిస్తే కొత్తది వేయించాకే నీళ్లలో పెట్టండి. అది నడిమధ్యలో తెగితే తెరచాప ఒక దారి, మీరు ఒక దారి. డాగర్‌బోర్డు దిగుతోందో లేదో, దించాక నిలుస్తోందో లేదో చూడండి. తెరచాప విషయంలో ఆశకి పోకండి. పెద్దవాళ్లకి నాలుగు నుంచి ఐదున్నర చదరపు మీటర్లది చాలు. పిల్లలకి రెండు, రెండున్నర. బోర్డు ఎంత మంచిదైనా లేపలేని తెరచాప ఇస్తే పిల్లలు గంటలో విసిగిపోతారు.

అన్నిటినీ కలిపి ఒక్క మాటలో చెప్తాను. మీ బరువు కిలోలకి నూట ఇరవై కలపండి. దాదాపు అన్ని లీటర్లున్న, 80 సెంటీమీటర్లకి తక్కువ కాని వెడల్పున్న, డాగర్‌బోర్డు దిగే బోర్డు అడగండి. అది ఎనిమిదిన్నర అడుగులదా, పన్నెండడుగులదా అని చూడకండి. గాలికి ఎదురు వెళ్లి, బయల్దేరిన చోటికే తిరిగి రావడం వచ్చాక షార్ట్‌బోర్డు గురించి ఆలోచించండి. అది కూడా మీ ఊళ్లో దానికి సరిపడా గాలి ఉంటేనే.